మాటిచ్చినవాడు రావాలన్న మా మేనమామ

మా మేనమామ పోయాడన్న కబురు తెచ్చిన మనిషి ధరూర్ దిక్కున్న మా పుట్టింటి ఊరి నుంచి వనపర్తిలోని మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగాడు. చెంబు కింద పెట్టి, "అక్కా, పంతులు పోయిండు. జరమొచ్చి పండుకున్నడు, మల్ల లెవ్వలే. మీ అమ్మ నిన్ను తోలుకరమ్మన్నది" అన్నాడు. నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. ఆయన మంచం గోడకు ఎత్తి ఆనించి ఉంది. అమ్మ ఏడవలేదు. నన్ను చూసి, "అన్నం తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

ఆయన అమ్మకు సొంత అన్న. గద్వాల బడిలో చరిత్ర, భూగోళం చెప్పేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. నన్ను తన దగ్గర ఉంచుకుని చదివించింది ఆయనే. పలక మీద దేశాల పటం గీస్తే చిన్న దేశాలనే ముందు గీసేవాడు. ఎందుకు మామా అంటే, "పెద్దయి మిగిలిన జాగల వాటంతటవే వస్తయి. చిన్నయి ముందుగాల గియ్యకుంటే వాటికి జాగ ఉండదు బిడ్డా" అనేవాడు. వేయించిన పల్లికాయలు జేబులో పోసుకుని, ఒక్కొక్కటీ ఒలుచుకు తింటూ పాఠం చెప్పేవాడు. తొక్కలన్నీ ఇంకో జేబులోకి పోయేవి. బడి నేల మీద ఒక్క తొక్క కూడా పడనిచ్చేవాడు కాదు.

మా నాయన చనిపోయినప్పుడు నేను చాలా చిన్నదాన్ని. అమ్మకు మగపిల్లలు లేరు. నాయన తమ్ముళ్లిద్దరికీ మా పొలం మీద కన్ను ఉందని ఊరందరికీ తెలుసు. పదో నాడు పెద్దమనుషుల ముందే మామ లేచి, "ఈ పొలం మీద చెయ్యేస్తే నా మీద చెయ్యేసినట్టే. చెల్లె కబురు పంపితే పొద్దు గూకేలోపల వస్త" అన్నాడట. ఆ మాట అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట మీదే ఆమె కొన్నేళ్లు నిశ్చింతగా నిద్రపోయింది.

నేను గద్వాలలో చదువుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున కబురు వచ్చింది. చిన్నాయనలిద్దరూ బండి కట్టుకుని కల్లం దగ్గరికి వస్తున్నారని, జొన్నలు ఎత్తుకుపోతారని, అన్నను వెంటనే రమ్మని. ఆ రోజు బడి తనిఖీకి పై అధికారి వస్తున్నాడు. పెద్ద పంతులు మామను వదల్లేదు. "సాయంత్రం పోవచ్చు" అన్నాడు. సాయంత్రానికి బండి దొరకలేదు. మామ తెల్లారి చేరేటప్పటికి కల్లం ఊడ్చినట్టు ఉంది.

పంచాయితీ పెట్టించాడు, పటేల్ ఇంటి చుట్టూ తిరిగాడు. ఒక్క గింజ కూడా తిరిగి రాలేదు. చివరికి గద్వాలలోనే జొన్నలు కొని బండి మీద వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఊరికి వెళ్లాడు. అమ్మ బస్తాలు దింపనివ్వలేదు.

"అన్నా, నిన్ను పిలిచింది జొన్నలకు కాదు. ఆ పొద్దు కల్లంల నా పక్కన నిలవడేటందుకు."

మామ తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మకే జాలి వేసింది. "పోనియ్యి. దూరమున్నోనివి, నువ్వు గూడ ఎంతని వస్తవు" అంది.

"దూరం సంగతి మాటిచ్చేటప్పుడే యాదికుండాలె చెల్లె" అన్నాడు మామ.

అప్పటినుంచీ "వస్త" అన్న మాట ఆయన నోట తేలిగ్గా వచ్చేది కాదు. పెళ్లికి పిలిచినా కాసేపు ఆలోచించేవాడు. రాలేననుకుంటే అక్కడే చెప్పేసేవాడు. చాలామంది నొచ్చుకున్నారు.

ఆ తరువాతే యూరపులో యుద్ధం మొదలైంది. గద్వాలలో మా పక్కింట్లో పట్టంచు చీరలు నేసే పెద్దాయన ఉండేవాడు. ఆయనకు చదువు రాదు. మామ రోజూ అరుగు మీద పత్రిక చదివి వినిపించేవాడు. అంతకుముందు ఏడు చెకొస్లొవాకియా నేలను ఆ దేశాన్ని అడగకుండానే పెద్ద దేశాలు కూర్చుని జర్మనీకి ఇచ్చేసినప్పుడు కూడా మామ ఇలాగే చదివి వినిపించాడు. ఈసారి వంతు పోలండుది. నీ మీద ఎవరైనా పడితే మేమున్నామని ఇంగ్లండూ ఫ్రాన్సూ దానికి మాటిచ్చాయి. జర్మనీ దాని మీద పడింది. ఇవి రెండూ యుద్ధం ప్రకటించాయి.

"అయితే పోతుండ్రా పంతులూ?" అని అడిగాడు నేత పెద్దాయన.

"లడాయి అని చెప్పిండ్రు. పోయినట్టు మాత్రం యాడా రాయలే."

ఆ మరునాడు మళ్లీ, "ఇయ్యాల పోయిండ్రా?"

"లేదు."

ప్రతి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకనాడు మామ పత్రిక విప్పి, తనలో తాను చదువుకుని, మడిచి పక్కన పెట్టాడు. పోలండు రాజధాని జర్మనీ చేతికి పోయింది. నేత పెద్దాయన ఆ రోజు అడగలేదు. మొహం చూసి లేచి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు బడి ఆవరణలో యుద్ధ నిధి సభ పెట్టారు. బలవంతులు చిన్న దేశాలకిచ్చిన మాట కోసమే పోరాడుతున్నారని చరిత్ర పంతులు చెప్పాలని ఆజ్ఞ. ఆడపిల్లలం వెనక వరుసలో కూర్చున్నాం. మామ లేచి నిలబడ్డాడు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఒక చిన్న దేశానికి ఇద్దరు పెద్దోళ్లు మాటిచ్చిండ్రు. లడాయిల దిగిండ్రు, గది అబద్ధం కాదు. వాళ్ల పిల్లలు గూడ సస్తరు, గది గూడ నిజమే. కాని ఆ దేశం కాలుతుంటే దాని పక్కన ఎవ్వరు నిలవడలే. నేను గూడ ఒకపారి మాటిచ్చిన. పోయిన గూడ. నేను పోయేటాళ్లకు కల్లం ఖాళీ. మాట తప్పలేదని నేను చెప్పుకుంటే చెప్పుకోవచ్చు. మా చెల్లె ఎట్ల చెప్పుకుంటది?"

కుర్చీలో ఉన్న అధికారి లేచాడు. "ఇది మీ ఇంటి పంచాయితీ కాదు" అన్నాడు. పెద్ద పంతులు చెమటలు తుడుచుకుంటూ, "తప్పయిందని ఒక్క మాట అనండి" అని బతిమాలాడు. మామ నెమ్మదిగానే, "ఏ ముక్క తప్పో చెప్పండ్రి, తప్పయిందని అంట" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన ఉద్యోగం మాత్రం పోయింది.

గద్వాల ఇల్లు ఖాళీ చేసి నన్ను తీసుకుని ఊరికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "చెల్లె, ఇగ నేను యాడికీ పోయేది లేదు" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని, కాళ్లకు నీళ్లు తెచ్చింది.

ఆ ఏడు నూర్పిళ్లప్పుడు మామ కల్లంలోనే మంచం వేసుకున్నాడు. చిన్నాయనలు పట్టపగలే బండి తోలుకొచ్చారు. మామ బక్కపలచని మనిషి, గట్టిగా తోస్తే పడిపోయేవాడు. అయినా లేచి వెళ్లి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి తమ్మీ, బండి?"

"జరుగు పంతులూ. మా అన్న పొలమిది."

"మీ అన్నదే. ఆయన పెండ్లాం తింటది, బిడ్డ తింటది. తోలుతవా? నా మీదికెల్లి తోలు."

పెద్ద చిన్నాయన చర్నాకోల ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉంది. తరువాత ఎడ్లను మళ్లించుకుని వెళ్లిపోయాడు. మామ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ తెస్తే లోటా పట్టుకోలేకపోయాడు. అమ్మే తాగించింది.

ఆ తరువాత వాళ్లు మళ్లీ రాలేదు. నా పెళ్లయి వనపర్తికి వచ్చేశాను. యుద్ధం ముగిసిన సంతోషంలో నేత పెద్దాయన గద్వాల నుంచి మిఠాయి పట్టుకుని మామను చూడటానికి వచ్చాడు. నేను ఆ వారం పుట్టింట్లోనే ఉన్నాను.

"గెలిచిండ్రంట పంతులూ! మరి ఆ పోలండు? దాని నేల దానికి ఇచ్చిండ్రా?"

మామ మిఠాయి చేతిలో పట్టుకుని అన్నాడు: "గెలిచిన పెద్దోళ్లు కూసోని దాని హద్దులు గీస్తుండ్రంట. దాన్ని పిల్వలే."

"ఇంతమంది సచ్చి గూడనా?"

మామ ఆ మిఠాయి నా కొడుకు చేతిలో పెట్టి, పొలం దిక్కు వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అమ్మతో, "నాకు ఒక్క పొలమే చెల్లె. దాన్ని కాయనీకి నా ఉజ్జోగం పోవాల్సొచ్చింది. ఆ పెద్దోళ్లకు ఏం పోతదని వస్తరు?" అన్నాడని తరువాత తెలిసింది. ఆయన మాటల్లో కోపం లేదట. అలసట ఉందట.

మామ కర్మ అయ్యాక అమ్మను నాతో వనపర్తికి రమ్మన్నాను. ఇక ఇక్కడ ఎవరున్నారు, ఎవరి మాట మీద ఉంటావు అన్నాను.

"చేను పంట మీదున్నది బిడ్డా. యాడికొస్త?" అంది.

మరునాడు పొద్దున ఆమె వెంట పొలానికి వెళ్లాను. గట్టు అవతల చిన్నాయనలు పని ఆపి మా వైపు చూస్తూ నిలబడ్డారు. అమ్మ వాళ్లను చూడలేదు. కొంగు నడుముకు చుట్టి, తల మునిగే ఎత్తున్న జొన్నలోకి దిగింది. ఆమె నాకు కనిపించలేదు. గట్టు పొడుగునా ఒక్కొక్క కంకీ కదులుతూ, ఆ కదలిక మెల్లగా ఆ చివరిదాకా వెళ్లడం మాత్రం కనిపించింది.