మూడో పిలుపు

మా బావగారు పోయారన్న కబురు నందిగామలో ఉన్న మాకు బస్సు కండక్టరు తెచ్చాడు. జగ్గయ్యపేట నుంచి వచ్చే మొదటి బస్సును మా ఇంటి ముందే ఆపించి, "పెద్దాయన తెల్లారగట్ల పోయారంటమ్మా" అన్నాడు. మావారు చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. నేను పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది.

మావారి అన్నగారాయన. జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. అప్పట్లో మేమూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్లం. కార్తీకం మొదలు మాఘం దాటేదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి, ఇంటిల్లిపాదినీ ముక్త్యాల రేవుకు తీసుకుపోయేవారు. కృష్ణలో తెరచాప పడవ మీద గంటో రెండు గంటలో తిరిగి, ఎక్కిన చోటే దిగేవాళ్లం. మా వైపు పడవంటే ఏరు దాటడానికో, బస్తాలు వేయడానికో. ఊరికే తిరిగే మమ్మల్ని చూసి రేవులో నవ్వుకునేవారు.

"ఎందాకా అండీ ప్రయాణం?"

"ఇదిగో, ఇక్కడిదాకానే" అని ఆయన తాను నిలబడ్డ రేవునే చూపించేవారు.

తెరచాప ఆయన సొంతం. కొట్టులో అమ్ముడుపోని ముతక గుడ్డ తెచ్చి తానే కుట్టుకున్నారు. గాలి పడిపోయి మేం విసుక్కుంటే, "దానికీ అలుపుంటుంది అమ్మాయ్, కాసేపు కూర్చోనియ్యి" అనేవారు. కొత్తగా కాపురానికొచ్చిన నాకు ఆ ఇంట్లోవాళ్ల ముందు పైకి నవ్వగలిగిన చోటు ఆ పడవ ఒక్కటే. అందుకు ఆయనకు ఎంత రుణపడ్డానో ఎప్పుడూ చెప్పలేదు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పొద్దుగూకే వేళ నీళ్ల మీద ఎవరైనా పిలిస్తే రెండు పిలుపులదాకా పలకకూడదట. మనిషైతే మూడోసారి పిలుస్తాడట. వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

సాగర్ కట్టడం మొదలైన రోజులనుకుంటాను, ఒక మార్గశిరపు ఆదివారం ఆలస్యమైంది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. ఏటి మధ్య ఇసుకదిబ్బ మీద పుచ్చపాదులుండేవి. అటునుంచి "ఓ పడవా!" అని ఆడగొంతు వినిపించింది. అందరం బిగుసుకుపోయాం. మళ్లీ పిలిచింది. బావగారు తెరచాప తాడు పట్టుకుని చూస్తున్నారు. కాసేపటికి, గాలిలో సన్నగా, మూడోసారి.

పడవ చివర దిబ్బకు దగ్గరగా కూర్చున్నది నేనే. ఆయన నన్నే అడిగారు.

"మళ్లీ ఏమన్నా వినిపించిందా అమ్మాయ్?"

ఇల్లు, పొయ్యి, వేడి అన్నం, ఇవే నా కళ్లముందున్నాయి. "లేదండి" అన్నాను. ఆయన తాడు బిగించారు. పడవ రేవుకేసి సాగిపోయింది.

మరుసటి ఆదివారం రేవులో ఒకామె కూర్చుని ఉంది. ఆ సాయంత్రం దిబ్బ మీద ఆమె మొగుణ్ణి పాము కరిచిందట. తెల్లారి పడవ వచ్చేసరికి ప్రాణం లేదు. ఆమెకు కోపం కూడా లేదు.

"మూడుసార్లు కేకేసానయ్యా. మీ తెరచాప కనపడతానే ఉంది" అంది.

బావగారు నావైపు చూడలేదు. ఇంటికొచ్చేదాకా చూడలేదు. ఆ తర్వాత కూడా ఒక్క మాట అడగలేదు. నన్ను కాపాడుతున్నారనుకున్నాను. ఆ దయ నాకు దెబ్బకన్నా ఎక్కువగా తగిలింది.

అప్పటినుంచి ఆయన ఎవరి పిలుపు విన్నా ఆగలేదు. ఒడ్డున ఎవరో గేదెను అదిలిస్తే "వస్తున్నా!" అని పడవ తిప్పించేవారు. మేమంతా ఒక్కొక్కరం రావడం మానుకున్నాం. ప్రతి చలికాలం ఆయనొక్కరే వెళ్లి, ఆ దిబ్బ చుట్టూ తిరిగి వచ్చేవారు. కొట్టులోనూ అంతే. వీధిలో ఎవరు ఎవర్ని కేకేసినా గజం బద్ద పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చేవారు. బజారంతా ఆటపట్టించేది. నేను మాత్రం ఎన్నడూ నవ్వలేదు.

ఆయనకు జబ్బు చేసిందంటే పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఇన్నేళ్ల తర్వాత నోరు విప్పి, "బావగారూ, ఆ రోజు నేను..." అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మూడోది నేనూ విన్నానమ్మాయ్. నాకు భయమేసింది. నువ్వు లేదంటే బావుణ్ననే నిన్నడిగా."

అంతలో వీధిలో ఎవరో ఎవర్నో పిలిచారు. ఆయన మంచం పట్టె పట్టుకుని లేవబోయారు.