పుల్లఐస్ ప్రింటుకు పటం కట్టిన హనుమండ్లు

కరీంనగర్‌లో పటాలు కట్టే హనుమండ్లుకు తన దుకాణానికి వచ్చేవాళ్ల మీద ఏమంత గౌరవం లేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. బొమ్మ ఎట్లా ఉందని ఒక్కరూ అడగరు. సోఫా రంగుకు కలుస్తుందా అని అడుగుతారు. ఎవరైనా కొండగట్టు అంజన్న క్యాలెండర్ తెస్తే, స్వామి పాదాల కింది పురుగుమందుల కంపెనీ పేరును కోసి పారేసి అద్దం బిగిస్తాడు. దేవుడి కాళ్ల దగ్గర మందు డబ్బా పేరేమిటని అతని చిరాకు.

ఆ అలవాటే సంతోష్‌రావు కొత్తింటి కోసం తెచ్చిన పాప్ ఆర్ట్ ప్రింటు మీదా పనిచేసింది. పసుప్పచ్చని నేల మీద చెయ్యంత ఎర్ర పుల్లఐస్. చుట్టూ వేలి మందాన నల్లగీత. నీడల్లేవు, మెరుగుల్లేవు. అడుగున, రాలబోతూ ఆగిన ఒక్క చుక్క. హనుమండ్లు చాయ్ చల్లారిపోయేదాకా దాన్నే చూశాడు. గీసినవాడి చెయ్యి ఎక్కడా వణకలేదు. కింద తెల్లంచు మీద ఏదో పెన్సిల్ రాత కనబడితే, ఎప్పట్లాగే కోసేశాడు.

సంతోష్‌రావు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అరే, గీసినాయన సంతకమేదయ్యా? నంబరేది? అచ్చేసినయే యాభై, అండ్ల పన్నెండోదిది!"

"బొమ్మ మొత్తం ఉన్నది గద సారు."

"బొమ్మెవనికి గావాలె? సంతకం లేకుంటే గీ కాయితం దేనికి పనికొస్తది?"

చెత్తడబ్బాలో ఆ ముక్క దొరికింది. దాన్ని కింద అతికించి, అతుకు కనబడకుండా దాని మీద అడ్డంగా రెండు వేళ్ల వెడల్పు అట్టపట్టీ వెయ్యమన్నాడు. హనుమండ్లు స్కేలు పెట్టి చూశాడు.

"చుక్క అట్ట కిందికి పోతది సారు."

"పోనియ్. గంత పెద్ద ఐసు కనిపిస్తలేదా?"

"చుక్క లేకుంటే గది కరుగుతలేదు. కట్టెకు ఎర్రరంగేసినట్టుంటది. సంతకం ఎనక అతికిస్త, సూడాలన్నోళ్లకు తిప్పి సూపెట్టుండ్రి."

"సుట్టాలొచ్చినప్పుడల్లా పటం తిప్పాల్నా?"

"ఆళ్లు సూసేది గా సంతకమొక్కటే గద!"

"తప్పు జేసింది నువ్వు, మళ్ల నాకే సుద్దులు జెప్తున్నవా?"

"కోసుడు నా తప్పే సారు. అట్ట మాత్రం నేనెయ్య."

దుకాణానికొచ్చే పెళ్లిఫొటోల్లో సగం సంతోష్‌రావు చుట్టాలవేనని హనుమండ్లుకు తెలుసు. ఇక రావనీ తెలుసు. అయినా స్కేలు పక్కన పెట్టేశాడు.

సంతోష్‌రావు బొమ్మనూ ముక్కనూ ఎత్తుకుని ఎదురు దుకాణానికి పోయాడు. అక్కడ మారుమాట లేకుండా గంటలో పట్టీ వేసిచ్చారు. ఆయన రోడ్డు మీదికొచ్చి పటాన్ని ఎండలో ఎత్తి పట్టుకున్నాడు. ఇవతలి నుంచి హనుమండ్లు చూస్తూనే ఉన్నాడు. ఐసు వైపు కన్నెత్తకుండా, వేలితో అంకె మీద దుమ్ము తుడుచుకుంటున్నాడు పెద్దమనిషి.