రెండో చేయి

ఇవాళ్టికి యోగా వద్దులే అనిపించే సాయంత్రాల్లో నాకు ఒక చేయి గుర్తొస్తుంది.

ఆ రోజు నూజివీడులో బస్సెక్కేసరికే ఒళ్ళు హూనమై ఉంది. ఒళ్లో కొత్త యోగా మ్యాట్. పాతదేమీ చిరగలేదు, కొత్తది కొంటే మళ్ళీ మొదలుపెడతానని ఆశ. మామిడికాయల షెడ్డులో పని ముగించుకొచ్చిన ఒకావిడ నా పక్క సీట్లో కూలబడింది. చీరకు గడ్డిపరకలు, సొన తగిలి మచ్చలు పడ్డ వేళ్ళు. కూర్చోగానే కళ్ళు మూసుకుని, ఒక ముక్కుపుటం మూసి రెండో దాంతో నెమ్మదిగా గాలి పీల్చడం మొదలుపెట్టింది.

కళ్ళు తెరిచాక అడిగాను. "రోజూ చేస్తారాండీ?"

"మా పాప స్కూల్లో నేర్చుకొచ్చిందండీ. పొద్దుట్నుంచీ కాయలు ఏరి ఏరి చిరాకెత్తిపోద్ది. ఇది చెయ్యకుండా ఇంటికెళ్తే దాని మీదే అరిచేస్తున్నాను."

"నాకైతే టైమే కుదరదండీ," అన్నాను.

ఆవిడ నా మ్యాట్ వంక ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆగిరిపల్లిలో కర్ర ఊతంతో ఒక ముసలాయన ఎక్కాడు. సీట్లు ఖాళీ లేవు. నేను కిటికీలోంచి బయటకు చూడసాగాను. పక్కన ఎవరో లేచిన అలికిడి, "కూర్చో బాబాయ్" అన్న మాట వినిపించాయి.

తల తిప్పి చూస్తే ఆవిడ నిలబడి ఉంది. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుంది. రెండో చేయి ముక్కు మీద ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి.

ఒళ్లో మ్యాట్ పట్టుకుని, దిగేదాకా నేను కూర్చునే ఉన్నాను.