కాయ కాస్తే గాని చెప్పలేని పువ్వు

మొన్నొక సాయంత్రం సామర్లకోట స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తుంటే, నా పక్కన కూర్చున్న అమ్మాయి పట్టాల అవతల ఏపుగా పెరిగిన మొక్కకి ఫోను చూపించి, రెప్పపాటులో దాని పేరు చదివేసింది. నిలువెత్తు మొక్క. కొమ్మ చివరలన్నిటా దీపపు వత్తుల్లా నిక్కి నిలబడ్డ పసుప్పచ్చని పూలు. అమ్మాయి ఫోను సంచిలో వేసుకుంది, రైలొచ్చింది. నేను మాత్రం సీట్లో కూర్చున్నాక కూడా ఆ పూల దగ్గరే ఉండిపోయాను. మా ఇంట్లో ఆ పేరు తెలియడానికి ఒక చలికాలమంతా పట్టింది మరి.

తొంభైల్లో మాట. రామచంద్రపురానికి నాలుగైదు ఊళ్ళ అవతల ఉన్న అత్తవారింటికి నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు. ఇంట్లో అత్తగారు, మావారు, మావారి అక్కగారు. ఈ వదినగారు ఊరి బడిలో సైన్సు టీచరు. చిన్నవయసులో తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం తప్పిపోయిందట. ఆ తర్వాత ఎవరు పెళ్ళి మాటెత్తినా "పేపర్లు దిద్దుకోవాలి" అని లేచి వెళ్ళిపోయేవారట, అది వేసవి సెలవులైనా సరే. అలా నలభై దగ్గరపడింది.

దసరా వెళ్ళి వానలు తెరిపిచ్చాక, పెరటి వెనక కాలవ గట్టు మీద ఆ మొక్క పూసింది. తెల్లవారుజామున మంచులో మొక్క కనిపించేది కాదు, పసుపు పూలొక్కటే ఎవరో పట్టుకుని నిలబడ్డట్టు గాలిలో తేలుతుండేవి. బడిపిల్లలు దాని పేరేంటని అడిగారు. వదినగారికి తెలియలేదు. "పిల్లలకి తెలీదని ఎలా చెప్పను అమ్మాయ్" అంటూ ఒక పూలకంకిని తడిగుడ్డలో చుట్టుకుని, నన్ను తోడు తీసుకుని రామచంద్రపురం బస్సెక్కారు. అక్కడ కాలేజీలో బోటనీ చెప్పే మాస్టారొకాయన ఉండేవారు. భార్య పోయి చాలా ఏళ్ళయిన మనిషి, జేబు మీద ఎప్పుడూ సిరా మరక. ఆయన భూతద్దం పెట్టి పువ్వుని చాలాసేపు చూసి, ఆకు కూడా కావాలన్నారు. మరుసటి శనివారం ఆకు పట్టుకెళ్ళాం.

"ఇది కాయ కాస్తే గాని తేల్చి చెప్పలేనండి" అన్నారు.

"ఎప్పటికి కాస్తుందంటారండి?"

"తొందరపడకూడదండి. మధ్యమధ్యలో తెచ్చి చూపిస్తుండండి."

అలా శనివారాలు గడిచాయి. కాలవ వెంట బస్సు, కిటికీలోంచి కోతకొచ్చిన చేల వాసన, వదినగారి ఒడిలోని పూల మీదుగా జారిపోయే కొబ్బరిచెట్ల నీడలు. లాబొరేటరీలో టీ తాగి నేను కునికిపాట్లు పడేదాన్ని. మెలకువ వచ్చినప్పుడల్లా వాళ్ళ మాటలు మొక్కని వదిలి ఎక్కడెక్కడో ఉండేవి. వదినగారు నవ్వుతుంటే పళ్ళవరస అంత బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే మావారికి మెడ మీద తామర లేచింది. ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళేసరికి, అత్తగారు ఆ మొక్క ఆకులే నూరి కొడుకు మెడకి పట్టిస్తున్నారు.

"ఈ మొక్క మీకు తెలుసా అత్తయ్యగారూ?"

"సీమవిసె. మా పుట్టింటి దొడ్లో ఉండేది."

"మరి వదినగారికి చెప్పలేదేంటండి?"

ఆవిడ చేతికంటిన పసరు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. "చెప్తే రామచంద్రపురం ఎందుకు వెళ్తుందే?"

ధనుర్మాసం మధ్యలో కాయలొచ్చాయి, అంచులకి రెక్కలున్న కాయలు. వదినగారు వాటిని మాస్టారి బల్ల మీద ఒక్కొక్కటే తీసి పెట్టారు. ఆయన కాయని అటూ ఇటూ తిప్పి, లాటిన్ పేరు, తెలుగు పేరు చెప్పారు. వదినగారు థాంక్సండి అని లేచారు. బస్టాండులో ఆవిడ నా వైపు చూడలేదు. ఇంతలో ఆయన సైకిలు మీద రొప్పుతూ వచ్చి దిగారు.

"మీ కాలవ గట్టు మీద తెలియని మొక్కలు ఇంకేమైనా ఉన్నాయాండి?"

వదినగారు ఆయన వైపు తిరిగారు. "చాలా ఉన్నాయండి."

"అయితే నేనే వచ్చి చూస్తాను. మీ అమ్మగారితో కూడా మాట్లాడాలి."

ఈ వయసులో పెళ్ళంటే ఊళ్ళో ఏమనుకుంటారో అని మావారు నసిగారు. అత్తగారు విసురుగా లేచారు. "ఇన్నేళ్ళూ అది ఒక్కర్తే కూచుని అన్నం తింటుంటే ఊరేమనుకుందిరా?" మాఘమాసంలో పెళ్ళయిపోయింది.

మాస్టారు పోయి కొంతకాలమైంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఊరడింపుగా, పెళ్ళి కాస్త ముందే అయివుంటే ఇంకొన్నేళ్ళు కలిసి ఉండేవారు కదా అన్నాను. వదినగారు తల అడ్డంగా ఊపారు. "ఆయన మొదటిరోజే పేరు చెప్పేసుంటే ఆ శనివారాలు నాకెక్కడివి అమ్మాయ్?" కాలం పరిగెత్తిందని కంటతడి పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. అది నెమ్మదిగా నడిచిన కొన్ని వారాల్ని తలుచుకుని తృప్తిగా కూర్చున్న మనిషిని ఆవిడనొక్కరినే చూశాను.