గుట్ట మొకం, గుట్ట ఈపు

మొన్న అహేరి అంగట్ల ఒకామె కొండచీపుర్లు అమ్ముతున్నది. ఒకటి చేతికి తీసుకొని దులిపిన. సన్నటి నూగు లేచి ముక్కుల పడ్డది. తుమ్ములు ఆగలే. అమ్మేటామె నవ్వి, "కొత్త చీపురక్కా, మొన్ననే గుట్ట మీదికెల్లి దించినం" అన్నది. ఆ నూగుల ఎండిన గడ్డి వాసన, ఎండకు కాగిన బండ వాసన రెండు కలిసి ఉన్నయి. అంగట్ల ఉన్న సంగతే మర్సిపోయిన. మా లసుమక్క నా ముందట వంగి గడ్డి కోస్తున్నట్టే అనిపించింది. ఆమె పోయి ఏడాది దాటింది. ఇంటికొచ్చి మా బిడ్డతోని చెప్తె, "రాయరాదే అమ్మా, నువ్వు మాట్లాడినట్టే రాయి" అన్నది. నేను నాలుగో తరగతి దాంక సదివిన. ఇంత పొడుగు ఎన్నడు రాయలే. తప్పులుంటయి గని రాస్తున్న.

లసుమక్క మా ఇంటాయనకు పెద్ద వదినె, నాకు యారాలు. నేను పుట్టింది సిరొంచ దిక్కు, ప్రాణహిత ఒడ్డుకు. మా అమ్మగారి ఊరు అరచెయ్యి లెక్క సాపుగ ఉంటది. ఎటు సూసినా వరి మళ్లు, మళ్ల అవుతల నది. నన్ను ఇచ్చింది జిమల్‌గట్ట అవుతల గుట్ట కింది ఊరికి. పెండ్లై వచ్చిన తెల్లారి తలుపు తీసి సూస్తె ఎదురుంగ గుట్ట. పొద్దు దాని ఎనకకెల్లి లేవాలె గనక మా ఊర్ల ఎండ ఆలస్యంగనే పడ్తది. ఆ నీడల నిలబడి ముగ్గేసుకుంట, ఇది మీద పడ్తదేమో అని మాటిమాటికి తల ఎత్తి సూసేదాన్ని. లసుమక్క పెండ చేతులతోనే నవ్వేది. "ఓ ఒడ్డు పిల్లా! అది నిన్ను సూసి లేచి రాదు తీ. ముగ్గు వంకర పోతున్నది, ముందుగాల అది సూసుకో."

మొదటి ఏడు నాకు ఏడుపే. ఎవరన్నా ఏమన్నరని కాదు. కండ్లకు దూరం కనపడకపోతె ఊపిరాడనట్టు ఉండేది. ఒకనాడు కొట్టంల ఆవు పక్కన కూసుండి ఏడుస్తున్న. అది మా అవ్వ నాతోని పంపిన ఎర్రావు. లసుమక్క వచ్చి నిలబడ్డది. ఎందుకు ఏడుస్తున్నవని అడగలే. "అయిపోయిందా? అయిపోతె కొడవలి పట్టు. గుట్ట మీద చీపురు గడ్డి కోసేదున్నది" అన్నది.

గట్ల మొదటిసారి గుట్ట ఎక్కిన. లసుమక్కకు గుట్టంటె మనిషే. కింద టేకు చెట్లున్న కాడ పాదం. కొంచెం మీదికి పోతె నడుము. ఆడ నల్లటి బండలు, బర్రెలు పండుకున్నట్టే ఉంటయి. వాటి సందుల ఒక ఊట ఉన్నది, ఎండకాలం గూడ దోసెడు నీళ్లు దొరుకుతయి. నడుము దాటినంక గుట్ట మొన తీరుగ ఉంటదేమో అనుకున్న. మీదికి పోయి సూస్తె సాపు! మా ఊరి మళ్లంత సాపు. చెట్టు లేదు, చేమ లేదు, పరుపు బండ, దాని మీద మోకాలెత్తు గడ్డి. "ఇది తల. మన మామ తలనే, బట్టతల" అన్నది. మా మామకు వినపడేటంత దగ్గర ఉన్నట్టు నేను నోరు మూసుకున్న. ఆమె ఇంకా గట్టిగ నవ్వింది.

ఇగ నన్ను అంచుకు తీస్కపోయి నిలబెట్టింది. కింద మా ఇండ్ల కప్పులు. ఆ అవుతల అడవి, అడవి అవుతల సన్నగ తెల్లటి గీత ఒకటి మెరుస్తున్నది.

"అగో, మీ నది."

"నిజంగనా? నువ్వు ఎన్నడన్న పోయినవా అక్కా?"

"నేనేడ పోయిన? ఈ దిక్కున గట్ల మెరిసేది మీ నది గాకపోతె ఇంకేందే?"

అని అటు తిరిగి గడ్డి కోసుకుంట పోయింది. నేను ఏడ్సినంత సేపు నా దిక్కు తిరగలే.

గట్లున్నా నేను ఉండదలుసుకోలే. వానకాలం పోయేటప్పుడు మా అన్నకు కబురు పంపిన. వచ్చే అంగడినాడు వచ్చి నన్ను, ఆవును తీస్కపో, మళ్ల నేను రాను అని. ఈ సంగతి ఎవ్వలకు చెప్పలే. లసుమక్క మాత్రం నేను కట్టిపెట్టుకున్న సంచి సూసింది.

అన్న రేపు వస్తడనంగ ఆవు మందతోని ఇంటికి రాలే. మా ఆయన రోడ్డు పనికి పోయిండు. ఆవు లేకుంట మా అవ్వ మొకం ఎట్ల సూడాలె అని నేనొక్కదాన్నే గుట్ట ఎక్కిన. మీదికి పోయేసరికి మొగులు పొగ లెక్క గుట్ట మీదికి దిగింది. ఉన్నట్టుండి అంత తెలుపు. నా చెయ్యి నాకే కనపడలే. ఆవును పిలిస్తె నా గొంతు నా కాడనే పడిపోయింది.

మా ఒడ్డున తప్పిపోవుడు అనేదే లేదు. నీళ్ల పొంటి నడుస్తె నది వస్తది, నది పొంటి నడుస్తె ఊరొస్తది. పాదానికి నీళ్లు తగిలినయి, సన్నటి ఒర్రె. పాణం నిమ్మలమైంది. దాని పొంటే నడిసిన. బొంగు పొదలు మొదలైనయి, చీర పట్టుకొని గుంజుతున్నయి. అయినా నడిసిన. కొంచెం పోయినంక నీళ్ల సప్పుడు మారింది. కాళ్ల పక్కన వినపడేది ఎక్కడో లోతుల వినపడ్తున్నది. నిలబడి సూస్తె నా ముందట ఒర్రె లేదు. ఉత్త తెలుపు. నీళ్లన్ని అందుల పడిపోతున్నయి. ఆడనే ఒక బొంగును పట్టుకొని కూలబడ్డ. ఎంతసేపు కూసున్ననో ఎర్కలేదు.

"ఓ ఒడ్డు పిల్లా!"

ఆ పిలుపు వింటె ఏడుపు వచ్చింది. లసుమక్క తడిసి ముద్దై వచ్చింది.

"నేనిక్కడున్ననని ఎట్ల తెలిసిందక్కా?"

"నువ్వు నీళ్లెంబడే పోతవని నాకెర్కే. ఒర్రె పట్టుకోని వచ్చిన." నా చెయ్యి పట్టి ఎనకకు గుంజింది. "ఇది గుట్ట ఈపు. ఈడి నీళ్లు మనూరికి రావు, అవుతలకు పోయి ఇంద్రావతిల పడ్తయి. బొంగులున్నయంటె ఈపు, టేకున్నదంటె మొకం. యాదికుంచుకో. లే, నడువు."

"నువ్వు ముందట నడువక్కా."

"నువ్వే నడువు. నేను ఎనకనే వస్త."

"నాకు తెల్వదక్కా!"

"నీళ్లు నీకు ఎదురు రావాలె. గంతే. నడువు."

ఒర్రెకు ఎదురు నడుసుకుంట తల మీదికి ఎక్కినం. ఆడ ఒర్రె అయిపోయింది. ఇగ ఎటు? ఎనక్కి సూసిన. లసుమక్క నా చీర కొంగు పట్టుకొని నిలబడ్డది. కాళ్ల కింద గడ్డి మాత్రం కనపడ్తున్నది, అంత ఒక్క దిక్కే వాలి ఉన్నది. మా ఊర్ల వానకాలం వరి గూడ గట్లనే వాల్తది. నది దిక్కుకెల్లి గాలి కొట్టి పొద్దుపొడుపు దిక్కుకు ఒరుగుతది. అయితె ఈ గడ్డికి ఎదురు నడుస్తె నది దిక్కే కద! గడ్డిని కాళ్లతోని తడుముకుంట నడిసిన. గడ్డి అయిపోయి బండలు దిగుకుంట పోతాంటె ఒక పెద్ద ఆకు తడితడిగ మొకానికి కొట్టింది. టేకాకు. నేను అరిసిన అరుపుకు లసుమక్క ఉలికిపడ్డది.

ఇంటికొస్తె ఎర్రావు కొట్టంల కూసుండి నెమరేస్తున్నది. ఎప్పుడొచ్చిందో ఏమో. లసుమక్క ఆవునొకసారి, నన్నొకసారి సూసింది. "ఇద్దరు ఒక్క ఊరోళ్లే. దానికున్న తెలివి నీకెందుకు రాలేదే?" అన్నది. ఇద్దరం గోడకు ఒరిగి నవ్వినం.

తెల్లారి అన్న వచ్చిండు. అన్నం తినుకుంట "సంచి కట్టుకున్నవా?" అని అడిగిండు. లసుమక్క గంటె పట్టుకొని నిలబడ్డది, కూర వెయ్యదు. "వచ్చే అంగడికి సూద్దాం తీ అన్నా" అన్న. అప్పుడు గంటె కదిలింది. అన్న వద్దు వద్దంటున్నా కూర మీద కూర వేస్తనే ఉన్నది. ఆ వచ్చే అంగడి మళ్ల రానే లేదు.

ఆ తర్వాత ఎన్ని ఏండ్లు ఇద్దరం ఆ గుట్ట ఎక్కినమో. పోయినేడు చలికాలంల ఆమెకు పాణం బాగలేక చంద్రపూర్ దవాఖానల వేసినం. మంచం పక్కనే కిటికీ. బయటికి సూసి, "ఈ ఊరికి మొకమేదే? అంత గోడలే" అన్నది. నా దిక్కు తిరిగి, "పిల్లా, జర గుట్ట ఎక్కియ్యే" అన్నది. నాకు అర్థమైంది. మంచం మీద కూసుండి చెప్పుడు షురు చేసిన. టేకు చెట్లు దాటినం అక్కా, ఇప్పచెట్టు వచ్చింది, ఎడమకు తిరిగినం...

"ఎడమకు కాదే, కుడికి. ఎడమకు ముండ్లుంటయి."

కుడికి తిరిగినం. నల్ల బండలు వచ్చినయి. ఊటల నీళ్లు తాగినం. తల మీదికి వచ్చినం. గడ్డి కాడికి రాంగనే ఆమె కండ్లు తెరిసింది.

"ఆనాడు మొగుల్ల నాకు గూడ ఏం కనపడలే."

"ఏందీ! మరి అప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తె ఇద్దరం కూసుండి ఏడ్సేటోళ్లం." జర నవ్వింది. "నువ్వు గడ్డి మీద కాళ్లు రాసుకుంట నడుస్తాంటె అనుకున్న, సరే, ఇగ ఈ పిల్ల ఉంటది అని."

ఇప్పుడు మేం అహేరిల ఉంటున్నం. మా ఇంటికాడికెల్లి ఏ గుట్టా కనపడది. బియ్యం చెరుగుకుంటనో బట్టలు ఆరేసుకుంటనో లోపల్లోపల ఎక్కుత. టేకు, ఇప్పచెట్టు, బండలు, ఊట, గడ్డి. నాకు తెలిసిన జాగలన్ని గబగబ దాటిపోతయి. ఆమె సరిచేసిన కాడ మాత్రం కాలు ఆగుతది. కుడికి తిరుగుత.