పక్కన పెట్టిన ప్యాకెట్

పావు కిలో కాఫీ గింజలు అడిగితే ఐదు కిలోలు తెప్పించినవాణ్ణి నేను. అదీ ముఖం చూడని మనిషితో ఉత్తరాల మీద బేరమాడి, కిలోకు నలభై రూపాయలు తగ్గించి. బూర్గంపాడు కిరాణా కొట్లలో నాకంటే తెలివైనవాళ్లు ఉన్నారు కానీ, కర్ణాటక కొండల్లో కూర్చున్న కాఫీ తోట యజమానిని కార్డు ముక్కతో దారికి తెచ్చినవాడు ఇంకొకడు లేడు. ఈ సంగతి కొన్నాళ్లు కనిపించినవాడికల్లా చెప్పుకున్నాను. ఇప్పుడూ చెబుతున్నాను, ఎందుకంటే ఆ వ్యవహారంలో చెప్పుకోదగ్గది నాకు అదొక్కటే మిగిలింది.

అడిగింది మా ఆవిడ. ఆమెది సత్తుపల్లి పక్క, కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఇల్లు. ఆ ఇంట్లో పొద్దున కాఫీ పడందే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మా ఇంట్లో టీ. కొట్లో మూట అడుగున మిగిలిన టీ పొడితో కాచిన టీ. ఆమె పెళ్లికి తెచ్చుకున్న ఇత్తడి ఫిల్టరు పదేళ్లుగా అటక మీదే ఉంది.

ఏటా కార్తీకంలో మా మామగారు భద్రాచలం దర్శనానికి వచ్చి మా ఇంట్లో ఒక రాత్రి ఉండేవాడు. చేతిసంచీలో చిన్న స్టీలు డబ్బా, దాంట్లో తన కాఫీ పొడి. తెల్లారగానే వంటింట్లోకి వెళ్లి తనే కలుపుకునేవాడు. "నీకెందుకమ్మా శ్రమ" అనేవాడు. కూతురు పాలగిన్నె పట్టుకుని పక్కన నిలబడేది. పెళ్లయి పదేళ్లయినా కన్నతండ్రికి తన ఇంట్లో ఒక గ్లాసు కాఫీ ఇవ్వలేని ఆడపిల్ల ముఖం ఎలా ఉంటుందో నేను ఏటా చూశాను. చూసి కొట్టుకు వెళ్లిపోయేవాణ్ణి.

సెల్‌ఫోన్లు మా వైపుకు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా ఆవిడ ఒక వారపత్రికలో కాఫీ తోట ప్రకటన చూపించింది. ఏరి వేయించిన గింజలు, తోట నుంచి నేరుగా ఇంటికి, డబ్బు పార్సెల్ అందాక కడితే చాలు.

"పావు కిలో తెప్పించండి. నాన్న వచ్చేలోపు వస్తే చాలు" అంది.

ఆ మధ్యాహ్నమే ఎస్టీడీ బూతుకు వెళ్లి తండ్రికి ఫోన్ చేసింది. "ఈసారి డబ్బా తేవద్దు నాన్నా. మా ఇంట్లోనే తాగుదువు గానీ." పదేళ్లలో ఆమె నన్ను అడిగిన వస్తువు ఇదొక్కటే.

అడిగినది అడిగినట్టు తెప్పిస్తే మా తాతముత్తాతలు ఊరుకుంటారా. కిలో రెండు వందల నలభై అని ప్రకటనలో ఉంది. "ఇది పావు కిలో కొనేవాడి ధర. ఐదు కిలోలు కొనే వ్యాపారికి ఎంత?" అని రాశాను. రెండు వందల ఇరవై అని వాళ్లు రాశారు. నేను రెండు వారాలు పలకలేదు. తర్వాత రెండు వందలకైతే పంపండి, లేకపోతే వద్దు అని రాశాను. పంపారు. నా పథకం చిన్నది. ఊరి బయట మిల్లు కాలనీ ఉంది, అందులో తమిళ, కన్నడ ఆఫీసర్లు ఉన్నారు, వాళ్ల ఆడవాళ్లు మంచి కాఫీకి మొహం వాచి ఉన్నారు. నాలుగు కిలోలు వాళ్లకు అమ్మితే మా ఆవిడ కాఫీ ఊరికే వచ్చినట్టు.

పోస్టుమ్యాన్ పార్సెల్‌ను సైకిల్ మీద నుంచి దించి మా అరుగు మీద కూలబడ్డాడు.

"గింత బరువేంది సేటూ? ఏముంది లోపట?"

"కాఫీ గింజలు."

"తాగేటందుకా, నాటేటందుకా?"

అరకిలో ప్యాకెట్లు పది. దారిలో వాన తగిలి ఒకటి అంచు చిరిగింది. దాన్ని కొట్లో బట్టల సబ్బుల అరలో పెట్టాను. మరొకటి ఆ రోజే తెరిచాం. మా ఆవిడ అటక మీద నుంచి ఫిల్టరు దించి చింతపండుతో తోమింది, గింజలు మిక్సీలో వేసింది. మూత తీయగానే వంటింట్లోంచి వాసన కొట్టు దాకా వచ్చింది. సంతకు వచ్చిన గూడెం ముసలామె ఒకతి ఉప్పు కొనడం ఆపి, నా చేతిలోని గింజ వాసన చూసింది.

"మాడిన ఇప్పగింజ లెక్క ఉన్నది. ఎంతకిస్తవ్?"

"కిలో మూడొందలు."

"మా ఇప్పగింజ నువ్వు ఎంతకు తీస్కుంటవ్ సేటూ?"

నేను ఉప్పు తూచి ఇచ్చాను.

లోపల మా ఆవిడ మొదటి గుక్క తాగి కళ్లు మూసుకుంది. గ్లాసు ఖాళీ అయ్యాక లేచి, ఒక సీలు ప్యాకెట్ తీసి పప్పుల డబ్బాల వెనక పెట్టింది. "ఇది నాన్నకు. దీన్ని మాత్రం ముట్టుకోకండి" అంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కొట్లో మంచి సరుకు గిరాకీకి, అంటే కొనడానికి వచ్చినవాళ్లకు; పాడైంది ఇంటికి. నూకలైన బియ్యం, పురుగు తొలిచిన కందిపప్పు, గడ్డకట్టిన చక్కెర, మూత సొట్టపోయిన నూనె డబ్బా, అన్నీ సాయంత్రానికి వంటింటికి చేరేవి. బిస్కెట్లు విరిగే తయారవుతాయని బడికి వెళ్లేదాకా నమ్మినవాణ్ణి నేను. మా నాన్న ఇలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. ఇందులో తప్పుందని ఎవరైనా అంటే, అప్పట్లో వాళ్లకు వ్యాపారం తెలియదనేవాణ్ణి.

కాలనీలో ఏడు ప్యాకెట్లు నూటయాభై చొప్పున పోయాయి. వెయ్యి యాభై. గింజలకు వెయ్యి, పోస్టుకు, ఉత్తరాలకు నూట పది. అంటే అరవై రూపాయల లోటు. ఇంట్లో అరకిలో తాగాం కదా, ఇంకో అరకిలో ఉంది కదా అనుకుంటే అది లోటే కాదు. కానీ ఒక సరుకు మీద లోటు కనబడితే నాకు అన్నం సయించదు. అది మా నాన్న నుంచి వచ్చిన రోగం.

కార్తీకం ఇంకో వారం ఉందనగా, కాలనీ నుంచి ఒక ఆఫీసరు గారి భార్య ఆటోలో వచ్చింది.

"ఇంకో ప్యాకెట్ కావాలండీ. మా అక్క వచ్చింది."

"అయిపోయినయ్ అమ్మా."

"నూట అరవై ఇస్తాను."

మా ఆవిడ వెనక సందులో బట్టలు ఆరేస్తోంది. నేను వంటింట్లోకి వెళ్లి పప్పుల డబ్బాల వెనక చెయ్యి పెట్టాను. ఆ క్షణంలో నా మనసులో ఏ గొడవా జరగలేదు. అది ఒప్పుకోవడమే ఇప్పుడు కష్టంగా ఉంది.

ఆటో వెళ్లాక సబ్బుల అరలోని చిరిగిన ప్యాకెట్ తీశాను. అదే తోట, అవే గింజలు. మేము తాగేసిన ప్యాకెట్ తాలూకు ఖాళీ సంచి ఉంది. గింజలు దాంట్లో పోసి, అంచు మీద హాక్సా బ్లేడు ఆనించి, కొవ్వొత్తి మంట మీద అతికించాను. వక్కలు, మిరియాలు రోజూ అట్లాగే ప్యాక్ చేస్తాం. వాసన చూశాను. బాగానే ఉందనిపించింది. సబ్బుల మధ్య పుట్టి పెరిగిన ముక్కుకు సబ్బు వాసన తెలియదని అప్పుడు నాకు తోచలేదు. ప్యాకెట్ డబ్బాల వెనక పెట్టేశాను.

మామగారు వచ్చాడు. సంచీలో డబ్బా లేదు. కూతురు చెప్పినట్టే ఖాళీ చేతులతో వచ్చాడు. తెల్లవారి మా ఆవిడ తలస్నానం చేసి, ప్యాకెట్ కత్తిరించి, గింజలు మిక్సీలో వేసి, డికాషన్ దింపి, గ్లాసు ఆయన చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. కూతురి ముఖం చూశాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుందమ్మా."

చివరి చుక్క దాకా తాగాడు. నురగ కూడా మిగల్చలేదు. ఆమె లోపలికి వెళ్లి తన గ్లాసు ఎత్తి నోటి దాకా తెచ్చి, అక్కడే దించింది. నేను గుమ్మంలోంచి చూశాను. తర్వాత ఆమె ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

మామగారిని బస్సెక్కించడానికి వెళ్లాను. బస్సు రావడానికి టైముంది.

"బాబూ, మీరు అమ్మేది ఏ సబ్బు?" అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థమైనా నోరు దాని పని అది చేసింది. "తోటోడు మోసం చేసిండు మామయ్యా. పాత గింజలు అంటగట్టిండు."

"తోటవాడు సబ్బులు అమ్మడు కదా బాబూ."

బస్సు వచ్చింది. ఎక్కేముందు ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాదేముంది. ఏడాదికొకసారి వచ్చేవాణ్ణి, తాగాను, అయిపోయింది. అమ్మాయి రోజూ తాగాలి."

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ప్యాకెట్ అంచు మీద బొటనవేలు రాస్తోంది.

"ఇది మన కొవ్వొత్తి అతుకే కదా."

నేను చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాను.

"నేను పెట్టింది ఎంతకు పోయింది?"

"నూట అరవై."

"మంచి గిరాకీ" అంది. ఫిల్టరు కడిగి, తుడిచి, అటక మీద పెట్టింది. ఏడ్చినా, తిట్టినా నాకు సులువుగా ఉండేది. తిట్టేవాళ్లతో బేరమాడటం నాకు బాగా వచ్చు.

మరుసటి కార్తీకంలో మామగారి సంచీలో స్టీలు డబ్బా మళ్లీ వచ్చింది.

కానీ అంతకంటే ముందే ఇంకొకటి జరిగింది. ఆయన వెళ్లిన పది రోజులకు, సంత జనం నిండుగా ఉన్న పూట, మా ఆవిడ ఇంటి లోపలి తలుపులోంచి కాకుండా వీధి వైపు నుంచి కొట్టుకు వచ్చింది. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి సంపాదించిన డబ్బు ఆమె దగ్గర కొంత ఉండేది. నోటు తీసి కౌంటరు మీద పెట్టింది.

"కిలో కందిపప్పు, ఒక సబ్బు. సబ్బు సీలుది ఇవ్వండి."

"ఇదేంది, ఇంట్లోకే కదా?" అన్నాను, నలుగురూ వింటారని గొంతు తగ్గించి.

"గిరాకీకి మంచిది ఇస్తారుగా" అంది. పక్కనున్నవాళ్లు ఏదో సరసం అనుకుని నవ్వారు. నేను పప్పు తూచాను, సబ్బు ఇచ్చాను, చిల్లర లెక్కపెట్టి చేతిలో పోశాను. ఆమె కూడా లెక్కపెట్టుకుంది. అప్పటి నుంచి తనకు కావలసినవి అలాగే కొనుక్కుంటుంది. నన్ను ఏదీ తెమ్మని అడగలేదు.

ఇక లెక్క. గింజలు వెయ్యి. పోస్టు, ఉత్తరాలు నూట పది. అమ్మకం ఏడు నూటయాభైలు, ఒక నూట అరవై, మొత్తం పన్నెండు వందల పది. లాభం వంద. ఆమె అడిగిన పావు కిలో మాత్రమే, ప్రకటనలో ఉన్న ధరకే తెప్పించి ఉంటే గింజలకు అరవై, పోస్టుకు నలభై, మొత్తం వంద ఖర్చయ్యేది. వంద ఖర్చు పోయి వంద లాభం వచ్చింది కాబట్టి తేడా రెండు వందలు. ఆ రెండు వందలకు నేను నా భార్యను గిరాకీ చేసుకున్నాను.