కారు సీట్లో కొబ్బరి పీచు

నా చిన్నప్పుడు వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నన్ను కొత్తపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో దింపేసేవారు. ఆ ఇంట్లో మా తాతయ్య దేన్నీ నమ్మేవారు కాదు. పాలవాడి ఎదురుగానే పాలలో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలుస్తుందో జారిపోతుందో చూసేవారు. బస్సు ఎన్నింటికని ఒకరిని అడిగి, వెంటనే ఆ పక్కనున్నవారిని కూడా అడిగేవారు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, మడత పెట్టి, "ఇదంతా నిజంగా జరిగుంటుందంటావా?" అని నన్నడిగేవారు. పదకొండేళ్ళ పిల్లని, నాకేం తెలుస్తుంది? అయినా అలా అడిగించుకోవడం గొప్పగా ఉండేది. ఆ సెలవుల్లోనే నాకూ అనుమానం అంటుకుంది. ఇప్పటికీ వదల్లేదు. కావాలంటే మా ఇంట్లోవాళ్ళని అడగండి.

ఆయన్ని అలా తయారు చేసింది ఆయన వ్యాపారమే అనుకుంటాను. తాతయ్యది కొబ్బరి పీచు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళలో కొబ్బరి డొక్కలు నానబెట్టి, కొట్టి, పీచు తీసేవాళ్ళ దగ్గర మోపులు కొని, ఇంటి పక్క కళ్ళంలో ఆరబెట్టించి, పరుపుల ఫ్యాక్టరీకి లారీలో పంపేవారు. మోపు పైకి ఎప్పుడూ ఎండుగా, చక్కగానే కనిపిస్తుంది. తూకం పెరగడానికి మధ్యలో తడి పీచో, గుప్పెడు ఇసుకో కూరేవాళ్ళుంటారు. అందుకని ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఇనప కొక్కెం ఉండేది. దాన్ని మోపు నడిబొడ్డు దాకా గుచ్చి, మెలితిప్పి, లోపలి పోచ ఒకటి బయటికి లాగేవారు. వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది కాలవ నీళ్ళలో నానిందో ఉప్పునీళ్ళలో నానిందో చెప్పేవారు. ఆ మాటకి ఇక తిరుగు లేదు.

ఇంత అనుమానం మనిషీ ఒక్క దాన్ని మాత్రం కొక్కెం వేయకుండా నమ్మేవారు. మన దేశపు కంపెనీ వస్తువంటే చాలు, మంచిదే. పరాయి దేశపు పేరు కనిపిస్తే అది మనల్ని ముంచడానికే వచ్చింది. దీనికి మూలం నైలాను తాడు. ఒకప్పుడు ఆయన పీచు తాళ్ళు కూడా పేనించి అమ్మేవారట. రంగురంగుల నైలాను తాళ్ళు సంతలోకి దిగాక పీచు తాడు అడిగేవాడు లేకుండా పోయాడు. అప్పటినుంచీ ఆయన దృష్టిలో నైలాను తాడు పరాయివాళ్ళ కుట్ర. "ఆ తాళ్ళు బొంబాయిలోనే చేసేరండి, కట్ట మీద రాసుంది" అని అమ్మమ్మ అంటే, "రాసిందల్లా నమ్ముతావా?" అనేవారు.

నేను చెప్పే వేసవి తొంభైల చివర్లోది. మా పిన్ని భర్త, మా బాబాయి, కువైట్‌లో ఒక షేకు ఇంట్లో ఎనిమిదేళ్ళు కారు నడిపి సెలవు మీద వచ్చాడు. పిన్ని అప్పట్లో తాతయ్య ఇంట్లోనే ఉండేది. వాళ్ళ మూడేళ్ళ బాబు తండ్రిని చూసి పిన్ని కుచ్చిళ్ళ వెనక్కి పోయేవాడు. బాబాయి బొమ్మ ఇస్తే బొమ్మ తీసుకుని మళ్ళీ అక్కడికే పోయేవాడు. అది చూసిన మూడో రోజున బాబాయి ఇక కువైట్ వెళ్ళనన్నాడు. ఒక కారు కొని కొత్తపేటలో అద్దెకి తిప్పుకుంటానన్నాడు. పిన్ని ముఖం ఆ రోజు ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే.

రాజమండ్రిలో ఒక డాక్టరుగారు తన కారు అమ్మేస్తున్నారని తెలిసింది. విదేశీ కంపెనీది, ఏడాది బండి. కువైట్‌లో బాబాయి నడిపింది ఆ కంపెనీ కార్లే కాబట్టి దాని నట్టూ బోల్టూ ఆయనకి కొట్టినపిండి. ధర కూడా అందుబాటులో ఉంది. తాతయ్య చెప్పే దేశీ కారు కావాలంటే పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. బాబాయి సెలవు ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. తిరుగు టికెట్టు పిన్ని పెట్టెలో చీరల కింద ఉంది. అది నేను తీసి చూశాను కూడా.

"మన గుమ్మంలో ఆ బండి ఆగడానికి వీల్లేదు" అన్నారు తాతయ్య.

"పేరొకటే వాళ్ళదండి మావయ్యగారూ. బండి కట్టింది మద్రాసు దగ్గరేనండి. చేసేవాళ్ళంతా మనోళ్ళే."

"అలాగని వాళ్ళు చెప్పేరు, మీరు నమ్మేరు. లాభం ఎక్కడికెళ్తుందండి అల్లుడుగారూ?"

"మీరు కొనమంటున్న బండికి ఇంజను ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరూ ఓసారి కనుక్కోండి మరి."

తాతయ్యకి ఆ మాటా నమ్మబుద్ధి కాలేదు. పాత బండి కొంటే డబ్బు వెళ్ళేది రాజమండ్రి డాక్టరుగారికే కదా అన్న ముక్క ఆ రోజు ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకే పెద్దయ్యాక తోచింది. "ఏవండీ, అల్లుడుగారు తెచ్చిన ఆ చేతి గడియారం ఏ దేశానిదండీ?" అని అమ్మమ్మ మెల్లిగా అడిగింది. తాతయ్య చొక్కా చెయ్యి ముంజేతి మీదికి లాక్కున్నారు గానీ మాట మార్చుకోలేదు. బాబాయి మామగారికి అంతకు మించి ఎదురు చెప్పే మనిషి కాదు. "ఆయ్, మీ ఇష్టమండి. టికెట్టు ఎలాగూ ఉంది" అని లేచి కాలవ గట్టు వైపు వెళ్ళిపోయాడు. పిన్ని ఆ పూట అన్నం తినలేదు. నాకు తాతయ్య మీద మొదటిసారి కోపం వచ్చింది.

రెండు రోజులకి డాక్టరుగారు బండి ఒకసారి నడిపి చూసుకోమన్నారు. బాబాయి దాన్ని ఇంటికి తీసుకొచ్చాడు, ఆశ చావక. ఈ సంగతి ముందే తెలిసిన తాతయ్య, పక్క ఊరి రైసుమిల్లు ఆయన్ని తన దేశీ కారుతో రమ్మని కబురు పెట్టారు. పక్కపక్కన నిలబెడితే తేడా అల్లుడికే తెలుస్తుందని ఆయన ఆలోచన. రెండు కార్లూ కళ్ళం ముందు ఆగాయి. నాకైతే రెండూ ఒకేలా మెరుస్తూ కనిపించాయి.

అప్పుడు అమ్మమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏవండీ, ఆ కొక్కెం ఓసారి ఇలా ఇవ్వండి" అంది. ఎందుకే అని అడిగారు తాతయ్య. "పైన రాసిన పేరు చూసి మోపు కొంటారేంటండీ మీరు? లోపల చూడొద్దూ?" అంది. వ్యాపారంలో తన మాటే తనకి ఎదురొచ్చేసరికి ఆయన కొక్కెం ఇచ్చేశారు.

ముందు మిల్లు ఆయన కారు తలుపు తెరిచి వంగింది. "అమ్మగారూ, సీటు చిరిగిపోద్దండి!" అని ఆయన గోలపెడుతూనే ఉన్నాడు. సీటు అడుగున కుట్టు వదులుగా ఉన్నచోట కొక్కెం దూర్చి, మెలితిప్పి, లాగింది. పసుప్పచ్చటి స్పాంజి ముక్క వచ్చింది. దాన్ని తెచ్చి తాతయ్య అరచేతిలో పెట్టింది. ఆయన ముఖం మాడిపోయింది. పరుపుల ఫ్యాక్టరీ వాళ్ళు స్పాంజి పరుపులు మొదలుపెట్టి, నెలకి పంపే పీచు లారీలు సగానికి తగ్గించమని రాసింది ఆ మధ్యనే. తాడుకి నైలాను ఎలాగో పీచుకి స్పాంజి అలాగ. అది తను ఇన్నాళ్ళూ మనది మనది అంటున్న బండి కడుపులోంచి వచ్చింది.

తర్వాత అమ్మమ్మ డాక్టరుగారి కారు దగ్గరికి వెళ్ళింది. ఈసారి మావైపు వీపు పెట్టి వంగింది. కొంచెం ఎక్కువసేపే పట్టింది. తిరిగొచ్చి గుప్పిట విప్పితే అందులో గోధుమరంగు పోచ ఉంది. కొబ్బరి పీచు.

"మన కళ్ళంలోదో, ఇంకోళ్ళదో మీరే చెప్పాలి" అంది.

తాతయ్య ఆ పోచని వేళ్ళ మధ్య నలిపారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అమ్మమ్మ ముఖంలోకి చూశారు. తర్వాత పిన్ని వైపు చూశారు. బాబు అప్పటికే ఆ కారులో తండ్రి ఒళ్ళో కూర్చుని రెండు చేతులతో హారను నొక్కుతున్నాడు. ఎనిమిది రోజుల్లో వాడు తనంతట తాను తండ్రి దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. తాతయ్య పోచని చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నారు. అందరం ఆయన నోటివంక చూస్తున్నాం. ఆయన ఏ తీర్పూ చెప్పలేదు.

"పసుపూ కుంకం పట్టుకురా అమ్మా. ఎండెక్కితే బండి కాలిపోద్ది" అన్నారు పిన్నితో. బాబాయి వైపు తిరగకుండానే, "షెడ్డులో కట్టలు ఓ వారకి సర్దిస్తానండి. వానకి తడవకుండా అందులో పెట్టుకోండి" అన్నారు. పిన్ని పసుపు కోసం లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే తలుపు చాటున పసుపు డబ్బా గుండెకి ఆనించుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే.

బాబాయి ఆ కారు పదకొండేళ్ళు తిప్పాడు. పెళ్ళికూతుళ్ళని, పురిటికి వెళ్ళేవాళ్ళని, ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టెలని మోశాడు. మళ్ళీ విమానం ఎక్కలేదు. చివరికి బండి మొండికేసి, పాత ఇనుము కింద అమ్మేసే రోజు వచ్చింది. అప్పటికి నా చదువు అయిపోయింది, చూడ్డానికి వెళ్ళాను. సీట్లు ఊడదీసి కళ్ళంలో పడేశారు. కవరు చిరిగి ఉంది. లోపలంతా పసుప్పచ్చటి స్పాంజి. అనుమానం మనిషిని కదా, కొక్కెం తెచ్చి ముందు సీటూ వెనక సీటూ అంతా గుచ్చి చూశాను. పీచు పోచ ఒక్కటి లేదు. మిల్లు ఆయన బండిలో ఏముందో ఇందులోనూ అదే.

వంటింట్లోకి వెళ్ళి అమ్మమ్మని నిలదీశాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "కళ్ళంలోంచి తీసి బొడ్లో దోపుకెళ్ళేనే. మీ తాతయ్యకి మాత్రం చెప్పకు. పీచు దగ్గర మోసపోయేనని తెలిస్తే ఇంక అన్నం ముట్టరు" అని ఒట్టు వేయించుకుంది.

బయటికి వస్తే తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా చేతిలో కొక్కెం చూశారు. "ఏం దొరికిందే?" అన్నారు. నేను దాన్ని వెనక్కి దాచుకున్నాను. ఆయన పక్కన చోటు చూపించి, గొంతు తగ్గించి చెప్పారు. సీట్లలో పెట్టే పీచుకి రబ్బరు పాలు పట్టిస్తారట, ఆ వాసన ఏళ్ళు గడిచినా పోదట. "ఆ పోచకి మన కళ్ళం వాసనేనే. దాంతోపాటు మీ అమ్మమ్మ తాలింపు వాసన."

"తెలిసి కూడా మాట్లాడలేదేం తాతయ్యా?"

"మాట్లాడితే అల్లుడుగారు విమానం ఎక్కేసేవారు." నా చేతిలోంచి కొక్కెం తీసుకుని, "మీ అమ్మమ్మకి చెప్పకు. నన్నొక్కసారైనా మోసం చేసేనని ఇన్నేళ్ళుగా సంతోషంగా ఉంది" అన్నారు.

ఇద్దరికీ ఇచ్చిన మాట ఇద్దరూ వెళ్ళిపోయేదాకా నిలబెట్టుకున్నాను. ఈ మధ్య మేం కారు కొనడానికి వెళితే, అమ్మే అబ్బాయి బానెట్ మీద చిన్న జెండా గుచ్చిన బండి చూపించి, "ఇది మన దేశపు కారు మేడం, కొంటే దేశానికి మంచిది" అన్నాడు. సీట్లో ఏముంది, అది ఎవరు చేశారు, ఆ చేసినవాళ్ళకి అన్నం పెడుతోందా అని అడిగాను. పాపం, ఆ అబ్బాయికి తెలియదు. నేను సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తడుముతుంటే మావారు సిగ్గుపడి పక్కకి వెళ్ళిపోయారు. జెండా పెట్టి అమ్మేవాళ్ళని నేను నమ్మను. జెండా లేకుండా అమ్మేవాళ్ళనీ నమ్మను.

తాతయ్య కొక్కెం ఇప్పుడు మా ఇంట్లో తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. ఇంట్లోకి వచ్చే ప్రతిదాన్నీ నేను గుచ్చి చూసే లోపలికి రానిస్తాను. కానీ ఎప్పుడైనా నావాళ్ళెవరైనా గుప్పిట్లో ఒక పోచ దాచుకుని, భయంభయంగా నా ముందుకి వస్తే, ఆ వాసన నాకు ముందే తెలిసిపోతుంది. అప్పుడు నేను కొక్కెం వైపు చూడను. పసుపు తెమ్మంటాను.